ద్వీప క్రూయిజ్‌లో సొంత తీర విహారం

క్రూయిజ్ ఓడ ఒక దీవి రేవులో ఆగిన కొద్ది గంటల్లో, ఓడ కంపెనీ అమ్మే టూరు తీసుకోకుండా యాత్రికులు తమ బండి తామే మాట్లాడుకుని ఊరు చూసి రావడమే సొంత తీర విహారం. ఖర్చు తగ్గుతుంది, నచ్చిన చోట ఎక్కువసేపు ఉండొచ్చు, పెద్దవాళ్లు ఉంటే నెమ్మదిగా నడవొచ్చు. వేళకు ఓడ చేరుకునే పూచీ మాత్రం పూర్తిగా యాత్రికులదే. కాబట్టి ఏం చూడాలన్న ప్రశ్న కంటే ముందు ఎన్ని గంటలు చేతిలో ఉంటాయన్నది తేల్చుకోవాలి.

తమిళనాడులోని ధర్మపురి సముద్రానికి దూరంగా ఉన్న జిల్లా. అక్కడా, పక్కనున్న కృష్ణగిరిలోనూ తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు నీటి మీద ప్రయాణం అంటే హొగెనక్కల్‌లో కావేరి మీద పుట్టి ఎక్కడమే. అయినా ద్వీపయాత్రకు వీరికున్న అనుకూలత చాలామందికి లేదు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే మనిషి శ్రీలంక ఉత్తర, తూర్పు తీరాల్లో దిగితే దుబాసీ అవసరం ఉండదు. ఆటో బేరం, గుడి వేళలు, దారి, అన్నీ నేరుగా అడిగి తెలుసుకోవచ్చు. సొంతంగా తిరగాలనుకునేవారిని వెనక్కి లాగే మొదటి భయం భాషే కనుక, ఇది చిన్న విషయం కాదు.

రేవులు, ఓడలు

ధర్మపురికి అందుబాటులో ఉన్న క్రూయిజ్ రేవులు రెండు. సుమారు 300 కి.మీ. దూరంలో చెన్నై, 400 కి.మీ. పైచిలుకు దూరంలో కొచ్చి. చెన్నైకి రైల్లో వెళ్లేవారు చాలామంది మొరప్పూర్ స్టేషన్‌కు వెళ్లి ఎక్కుతారు. కొచ్చికి సేలం, ఈరోడ్, కోయంబత్తూరు మీదుగా దారి.

2022 జూన్ 4న తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ జెండా ఊపగా కార్డీలియా సంస్థ ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి యాత్రలు మొదలుపెట్టింది. విశాఖపట్నం, పుదుచ్చేరి ఆ తొలి సీజను రేవుల జాబితాలో ఉన్నాయి. ఓడలో క్యాసినో ఉందన్న వివాదంతో పుదుచ్చేరిలో దిగేందుకు మాత్రం అప్పట్లో అనుమతి దొరకలేదు. ఏడాది తిరిగేసరికి, 2023 జూన్ 5న, కేంద్ర ఓడరేవుల మంత్రి సర్బానంద సోనోవాల్ చెన్నై నుంచి శ్రీలంకకు తొలి అంతర్జాతీయ క్రూయిజ్‌ను ప్రారంభించారు. హంబన్‌తోట, త్రింకోమలి, కాంకేసంతురై దాని మజిలీలు. 1990లో ఫ్రాన్స్‌లో తయారైన ఎంప్రెస్ ఓడ పొడవు 211 మీటర్లు.

ఏ ఏడాది ఏ రేవులు తాకుతారన్నది మారుతూ ఉంటుంది. పుదుచ్చేరి ఉదంతం చెబుతున్నట్టు, ప్రకటించిన మజిలీ కూడా తప్పిపోవచ్చు. అందుకని ఒడ్డున మాట్లాడుకునే బండికి గానీ, పడవకు గానీ మొత్తం డబ్బు ముందే కట్టేయకుండా, ఓడ రాకపోతే డబ్బు తిరిగొచ్చే షరతు పెట్టుకోవడం మేలు.

గంటల లెక్క

ఓడ ఉదయం 8కి రేవులో ఆగి సాయంత్రం 5కి బయలుదేరుతుందనుకుందాం. కాగితం మీద అది 9 గంటలు. వలస అధికారుల అనుమతి వచ్చి, వరుసలో నిలబడి, గేటు దాటేసరికి 9 అవుతుంది. ప్రయాణికులంతా ఓడలో ఉండాల్సిన ఆఖరి వేళ సాధారణంగా బయలుదేరే సమయానికి అరగంట నుంచి గంట ముందు ఉంటుంది, అంటే సాయంత్రం 4. టైరు పంక్చరు, ట్రాఫిక్కు, రైల్వే గేటు లాంటి వాటికి గంటన్నర విడిచిపెడితే మధ్యాహ్నం రెండున్నరకల్లా రేవు గేటు దగ్గరుండాలి. మిగిలేది అయిదున్నర గంటలు. అందులో రానుపోను ప్రయాణం రెండు గంటలు మించితే చూసే చోట నిలబడే తీరిక ఉండదు. తొలిసారి వెళ్లేవారికి రేవు నుంచి ముప్పావు గంట దూరంలోపు ఉన్న చోట్లు సరిపోతాయి.

రేవు లోతు చాలని చోట ఓడ బయటే లంగరు వేస్తుంది. ప్రయాణికులను టెండర్ బోట్లలో విడతలవారీగా ఒడ్డుకు చేరుస్తారు. అలాంటి రేవులో రెండు వైపులా మరో గంట తగ్గించి లెక్కవేయాలి. అలలు ఎక్కువైతే కెప్టెన్ టెండర్లు ఆపేస్తారు. కావేరిలో వరద పెరిగినప్పుడు హొగెనక్కల్‌లో పుట్టీలు నడపకుండా జిల్లా యంత్రాంగం నిలిపివేసినట్టే ఇదీ. ఎంత బతిమాలినా ప్రయోజనం ఉండదు.

గడియారం విషయంలో శ్రీలంక యాత్ర సులువు. అక్కడి సమయం, మన సమయం ఒకటే. మాల్దీవుల సమయం మనకంటే అరగంట వెనక. దారిలో సమయం మారే యాత్రల్లో ఓడ పాటించే గడియారం ఏదో, ఒడ్డున నడిచేది ఏదో దిగే ముందు అడిగి తెలుసుకోవాలి. ఫోను తనంతట తాను సమయం మార్చుకుంటుంది కాబట్టి, ఓడ సమయానికి పెట్టిన చేతి గడియారం నమ్మకమైనది.

సావో టోమే ఉదంతం

వేళ దాటితే ఏమవుతుందో 2024 మార్చి 27న ఆఫ్రికా పశ్చిమ తీరంలోని సావో టోమే దీవిలో లోకమంతా చూసింది. నార్వీజియన్ డాన్ ఓడ నుంచి దిగి స్థానిక నిర్వాహకులతో సొంతంగా టూరుకు వెళ్లిన 8 మంది ఆఖరి వేళ దాటాక తిరిగొచ్చారు. ఓడ ఇంకా లంగరు మీదే ఉంది. తీర రక్షక దళం పడవలో వారిని ఓడ పక్కకు తీసుకెళ్లినా ఎక్కించుకోలేదు. వారి పాస్‌పోర్టులను కంపెనీ రేవు ఏజెంటుకు అప్పగించింది. సొంత ఖర్చుతో దేశాలు దాటుతూ గాంబియాలో ఓడను అందుకోబోతే, నీటిమట్టం చాలక ఓడ అక్కడ ఆగనే లేదు. చివరికి సెనెగల్‌లోని డకార్‌లో ఓడ ఎక్కగలిగారు.

కంపెనీ టూరు ఆలస్యమైతే ఓడ ఆగడమో, కంపెనీయే తన ఖర్చుతో తరువాతి రేవుకు చేర్చడమో సాధారణ పద్ధతి. సొంతంగా వెళ్లినవారికి ఆ హామీ లేదు. దూరపు చోటికి కంపెనీ టూరు, దగ్గరి చోటికి సొంత బండి అని పంచుకుంటే డబ్బూ మిగులుతుంది, గుండె దడా తగ్గుతుంది. ఉదాహరణకు త్రింకోమలి నుంచి సిగిరియా 90 కి.మీ. పైనే. అంత దూరం సొంతంగా వెళ్లిరావడం తొలి యాత్రలో తగదు.

రేవుల వరుస కూడా చూసుకోవాలి. త్రింకోమలిలో ఓడ తప్పినా, తరువాతి మజిలీ కాంకేసంతురై అయితే రోడ్డు మీద జాఫ్నా వైపు వెళ్లి అందుకునే వీలుంది. దూరం 230 కి.మీ. పైచిలుకు. కాంకేసంతురై దగ్గర్లోని పలాలిలో జాఫ్నా విమానాశ్రయం ఉంది, అక్కడి నుంచి చెన్నైకి విమానాలున్నాయి. దక్షిణ కొసన ఉన్న హంబన్‌తోటలో తప్పితే కష్టం ఎక్కువ. కాబట్టి అక్కడ మరింత జాగ్రత్తగా, రేవుకు దగ్గరగా తిరగాలి.

త్రింకోమలి

సొంతంగా దిగడానికి మూడింటిలోనూ అనువైన రేవు ఇదే. కోణేశ్వరాలయం ఊళ్లోనే, సముద్రం మీదికి నిటారుగా లేచిన స్వామి మలై కొండ మీద ఉంది. దారి ఫోర్ట్ ఫ్రెడరిక్ లోపలి నుంచే. పాత ఆలయాన్ని 17వ శతాబ్దంలో పోర్చుగీసువారు కూల్చి, ఆ రాళ్లు కోటకు వాడుకున్నారు. నేటికీ కోట దారిలో చుక్కల జింకలు మనుషుల మధ్యే మేస్తుంటాయి. అష్టాదశ శక్తిపీఠాల వరుసలో మొదట చెప్పే శాంకరీదేవి పీఠం ఈ కొండ మీదిదేనని భక్తుల నమ్మకం. శ్రీశైలం, అలంపురం, పిఠాపురం, ద్రాక్షారామం దర్శించుకున్న తెలుగువారికి ఈ ఒక్క గుడి కోసమైనా ఇక్కడ దిగాలనిపిస్తుంది.

ఊరికి వాయవ్యంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో కన్నియా వేడినీటి ఊటలున్నాయి. పక్కపక్కనే ఉన్న ఏడు చిన్న చదరపు బావుల్లో ఒక్కోదాని వేడి ఒక్కో తీరు. బకెట్టుతో తోడుకుని ఒంటి మీద పోసుకుంటారు. కొండ, కోట, ఊటలు కలిపి ఒక త్రీవీలర్‌లో పూట పని.

ఈత ఇష్టపడేవారు నీలావెలి బీచికి వెళ్తారు. దాని ఎదురుగా సముద్రంలో సుమారు కిలోమీటరు దూరాన పావురాల దీవి, 2003 నుంచి జాతీయ ఉద్యానం. పార్కు టికెట్టు వేరు, పడవ కిరాయి వేరు. గుడి, దీవి రెండూ ఒకే రోజు పెట్టుకుంటే ఏదీ తృప్తిగా కాదు.

కాంకేసంతురై, జాఫ్నా

రేవు పక్కనే కీరిమలై. నగులేశ్వరాలయం, సముద్రానికి గోడ అడ్డంగా కట్టిన మంచినీటి కొలను అక్కడున్నాయి. మగవారి కొలను సముద్రం వైపు తెరుచుకుని ఉంటే, ఆడవారికి వేరే చాటు ఉంది. లంకలోని అయిదు ప్రాచీన శివాలయాల్లో కోణేశ్వరం, నగులేశ్వరం రెండూ ఉన్నాయి. ఒకే ఓడయాత్రలో రెండింటినీ చూసే వీలు కలుగుతుంది.

జాఫ్నా పట్నం సుమారు 18 కి.మీ. నల్లూరు కందస్వామి ఆలయంలోకి మగవారు చొక్కా తీసే వెళ్లాలి. జులై, సెప్టెంబరు నెలల మధ్య 25 రోజుల ఉత్సవం జరిగేటప్పుడు గుడి చుట్టూ వాహనాలను రానివ్వరు. నడకకు అరగంట కలుపుకోవాలి. 1981లో అల్లరి మూకలు తగలబెట్టగా మళ్లీ కట్టిన జాఫ్నా గ్రంథాలయం, పోర్చుగీసులు మొదలుపెట్టి డచ్చివారు పెంచిన కోట దగ్గరదగ్గరగా ఉన్నాయి.

హంబన్‌తోట

2010లో తెరిచిన ఈ కొత్త రేవు విశాలమైనదే గానీ, నడిచి చూసేదేమీ పక్కన లేదు. ఇక్కడ సింహళమే ఎక్కువ వినిపిస్తుంది. బుందల జాతీయ ఉద్యానం సుమారు 20 కి.మీ. వలస పక్షులు చేరేది చలికాలంలో కనుక వేసవి యాత్రలో ఫ్లెమింగోల గుంపులను ఆశించకూడదు. మొసళ్లు, ఏనుగులు, నీటికొంగలు కనిపించవచ్చు. కతిర్గామం మురుగన్ గుడి 45 కి.మీ. వరకు ఉంటుంది. సమయం ధారాళంగా ఉంటేనే అది పెట్టుకోవాలి.

పత్రాలు, డబ్బు, ఫోను

పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలుండాలి. శ్రీలంక ఈటీఏ (ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి) నిబంధనలు తరచూ మారుతున్నాయి కనుక బుకింగ్ రోజునే కాక, బయలుదేరే వారం ముందూ చూసుకోవాలి. చాలా ఓడల్లో పాస్‌పోర్టులు సిబ్బంది దగ్గరే ఉంచి, దిగేవారికి ల్యాండింగ్ కార్డు ఇస్తారు. కాబట్టి పాస్‌పోర్టు జిరాక్సు, ఓడ కీ కార్డు, రేవు ఏజెంటు ఫోన్ నంబరు రాసుకున్న కాగితం జేబులో ఉండాలి. కొన్ని చోట్ల సార్క్ దేశాలవారికి టికెట్టు ధర తక్కువ. ఆ రాయితీకి ఈ జిరాక్సు పనికొస్తుంది.

2024 ఫిబ్రవరి 12న శ్రీలంకలో యూపీఐ చెల్లింపులు మొదలయ్యాయి. అయినా ఆటోకు, గుడి దగ్గర పూలకు శ్రీలంక రూపాయల్లో చిల్లర తప్పదు. నడిసముద్రంలో ఫోను ఉపగ్రహ నెట్‌వర్కుకు తగులుకుంటే బిల్లు వేలల్లో రావచ్చు. ఓడ రేవు దాటగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టేయాలి.

పగడపు ముక్కలు ఎక్కడా ఏరకూడదు. పావురాల దీవిలో అది నేరం. మన దేశంలోనూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పగడాలను కాపాడుతోంది.

లక్షద్వీప్, అండమాన్

లక్షద్వీప్‌లోని 36 దీవుల్లో జనం ఉండేవి 10. అక్కడ అడుగుపెట్టాలంటే భారతీయులకూ అనుమతి పత్రం కావాలి. కొచ్చి నుంచి ప్రభుత్వ ‘సముద్రం’ ప్యాకేజీలో కవరత్తి, కల్పేని, మినికాయ్ చూపిస్తారు. పగలు దీవి మీద, రాత్రి ఓడలో. తీసుకెళ్లే ఎం.వి. కవరత్తి ఓడ విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైంది. లోతు తక్కువ కనుక ఒడ్డుకు చిన్న పడవల్లోనే చేరాలి. కార్యక్రమమంతా నిర్వాహకులదే కాబట్టి, సొంత విహారానికి ఇక్కడ చోటు తక్కువ.

అండమాన్ పద్ధతి వేరు. చెన్నై, విశాఖ, కోల్‌కతాల నుంచి శ్రీ విజయపురం వెళ్లేవి ప్రయాణికుల రవాణా ఓడలు. 2024 వరకు ఆ ఊరిని పోర్ట్ బ్లెయిర్ అనేవారు. చెన్నై నుంచి సుమారు 60 గంటల ప్రయాణం. దిగాక అదే సాయంత్రం తిరిగి ఎక్కే పని లేదు, ఉన్నన్ని రోజులూ యాత్రికులవే. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు ఊళ్లోనే ఉంది. స్వరాజ్ ద్వీప్‌కు ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి కదులుతాయి. భారత సమయమే పాటించినా బాగా తూర్పున ఉండటంతో సాయంత్రం అయిదు, అయిదున్నరకే చీకటి పడుతుంది కనుక తిరగడం తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. 2011 జనాభా లెక్కల్లో అక్కడివారిలో సుమారు 13 శాతం తెలుగు మాతృభాషగా నమోదు చేసుకున్నారు, తమిళులు అంతకంటే కొంచెం ఎక్కువ. వృద్ధులతోనో, చిన్నపిల్లలతోనో తొలిసారి సముద్రం దాటే ధర్మపురి కుటుంబానికి పాస్‌పోర్టు అక్కర్లేని, ఓడ గంట కోసం పరుగెత్తక్కర్లేని దారి ఇది.