బ్రాస్ బసా రోడ్డు బడులు, వాటి చోట వెలిసిన హోటళ్ళు

టాంపినీస్ నుంచి మాట్లాడుతున్నాను. వారమంతా కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాణ్ణి. పాత కట్టడాల మీద మక్కువ కొద్దీ ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

ఇండియా నుంచి చుట్టాలొస్తే మనందరం చేసే పని ఒకటుంది. టాంపినీస్‌లో గ్రీన్ లైన్ రైలెక్కించి, సిటీ హాల్ స్టేషన్లో దింపి, రాఫెల్స్ సిటీ, పక్కనే ఉన్న రాఫెల్స్ హోటల్ చూపిస్తాం. ఈ రెండు చోట్లా ఒకప్పుడు బడిపిల్లలు ఉండేవారని చాలామందికి తెలియదు.

ముందు హోటల్ సంగతి. బీచ్ రోడ్డు మీద 1830ల నాటి బంగళా ఒకటుండేది. అప్పట్లో దాని ఎదుటే సముద్రం. 1878లో డాక్టర్ ఎమర్సన్ అనే ఆయన దాన్ని అద్దెకు తీసుకుని హోటల్ పెట్టాడు. 1883లో ఆయన పోయాక, దగ్గర్లోని రాఫెల్స్ ఇన్‌స్టిట్యూషన్ ఆ బంగళాని విద్యార్థుల హాస్టలుగా వాడుకుంది. 1887లో లీజు తీరింది. ఆర్మీనియన్లైన సార్కీస్ సోదరులు బంగళాని తీసుకుని, అదే ఏడు డిసెంబరు 1న పది గదులతో రాఫెల్స్ హోటల్ తెరిచారు. ఇప్పుడు మనం చూసే ప్రధాన భవనం బిడ్‌వెల్ అనే ఆర్కిటెక్టు గీసింది, 1899లో పూర్తయింది. దాని కోసం పాత బంగళా నేలమట్టమయింది.

అసలు బడి సంగతి ఇంకా విచిత్రం. రాఫెల్స్ దొర 1823 జూన్ 5న దానికి శంకుస్థాపన చేశాడు. 1972లో బడి గ్రేంజ్ రోడ్డుకు మారింది. నూట పాతికేళ్ళకు పైగా పిల్లలు చదువుకున్న ఆ భవనాలను కూల్చేశారు. ఆ స్థలంలో ఐ.ఎం. పే గీసిన రాఫెల్స్ సిటీ లేచి, 1986లో తెరుచుకుంది. అందులోని 73 అంతస్తుల హోటల్ అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన హోటల్. బడి పోయింది, పేరు మిగిలింది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1983లో సింగపూర్ వచ్చే యాత్రికుల సంఖ్య తగ్గింది. కారణమేమిటని 1984లో ప్రభుత్వం ఒక బృందాన్ని వేస్తే, పాత వీధులూ పాత కట్టడాలూ పోయి ఊరు కళ తప్పిందని వాళ్ళు తేల్చారు. అంటే హోటళ్ళ కోసం పాతవి పడగొడితే, ఆ హోటళ్ళలో దిగేవాళ్ళే రావడం మానేశారన్నమాట! 1987లో రాఫెల్స్ హోటల్‌నే జాతీయ స్మారక కట్టడంగా ప్రకటించారు.

ఆ గాలి మార్పు అదే వీధిలోని మరో రెండు బడులను కాపాడింది. 1852లో మొదలైన సెయింట్ జోసెఫ్స్ బడి తాలూకు భవనం 1996లో ఆర్ట్ మ్యూజియం అయింది. దగ్గర్లోనే ఉన్న కాన్వెంటు బడి 1983లో టోవా పాయోకి వెళ్ళిపోయింది. అక్కడి కాల్డ్‌వెల్ హౌస్ 1841 నాటిది, కోల్మన్ కట్టింది. 1904 నాటి చర్చి ఫాదర్ నాన్ గీసింది. ఈ రెంటినీ 1990లో స్మారక కట్టడాలుగా ప్రకటించారు. 1996 నుంచి ఆవరణంతా చైమ్స్ పేరుతో భోజనశాలలు, పెళ్ళిళ్ళు.

పాత బడి ఇలా కొత్త పనికి సులువుగా ఒదగడానికి కారణం దాని కట్టుబడే. వరసగా ఒకే కొలత గదులు, ముందు పొడుగాటి వరండా, ఎత్తైన కప్పు, మధ్యలో ఖాళీ ఆవరణ. ఏసీలు లేని రోజుల్లో గాలి ఆడటానికి కట్టిన పద్ధతి ఇది. హోటలుకైనా, మ్యూజియానికైనా కావలసింది అదే.

అయితే గోడలు మిగిలినంత మాత్రాన అన్నీ మిగలవు. కాన్వెంటుకు విక్టోరియా స్ట్రీట్ వైపు చిన్న గేటు ఒకటుంది. దిక్కులేని పసికందులను అక్కడ వదిలి వెళితే సిస్టర్లు పెంచేవారు. గేటు ఇప్పటికీ ఉంది. పక్కన కూర్చుని కాఫీ తాగేవాళ్ళకు ఎవరైనా చెబితేనే ఆ సంగతి తెలుస్తుంది.

మన టాంపినీస్‌లోనూ ఈ ముచ్చట మొదలైంది. టాంపినీస్ జూనియర్ కాలేజీ 2019లో మెరిడియన్ కాలేజీతో కలిసి పాసిర్ రిస్‌కు వెళ్ళిపోయింది. ఇలాంటి భవనాలకు శిల్పసౌందర్యం లేకపోవచ్చు, ఏ స్మారక జాబితాకీ ఎక్కకపోవచ్చు. కానీ మన పిల్లలకు చిన్ననాటి ఊరంటే అవే కదా!

అందుకని ఒక్క విన్నపం. ఈసారి సెలవుల్లో ఇండియా వెళ్ళినప్పుడు మీరు చదివిన బడికి వెళ్ళి నాలుగు ఫొటోలు తీయండి. ఎప్పుడు కట్టారో, ఎవరు కట్టారో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. ఇక్కడ మీ పిల్లల బడికీ అదే పని చేయండి. కూల్చాలా, ఉంచాలా అన్నది మన చేతుల్లో ఉండకపోవచ్చు, అక్కడ ఏముండేదో చెప్పడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

ఉంటాను. సెలవు.