రెండు శైలులు కలిస్తే గెలుపు ఎవరిది?

ఒక బటన్‌కు రెండు క్లాసులు తగిలించారనుకోండి. ఒకటి నీలం రంగు వేయమంటుంది, రెండోది ఎరుపు. ట్యాగులో ఎరుపు పేరు చివర రాసినంత మాత్రాన బటన్ ఎర్రబడదు. స్టైల్‌షీట్‌లో ఏది కింద ఉంటే అదే చెల్లుతుంది. వందలమంది కలిసి రాసే సైటులో, ఫైళ్లు ఏ వరసలో లోడవుతాయో తెలియనప్పుడు, అదే బటన్ ఒకసారి నీలంగా, ఇంకోసారి ఎర్రగా కనిపిస్తుంది.

1994లో హోకోన్ వియుమ్ లీ వెబ్ పేజీల శైలులు రాసే భాష సీఎస్ఎస్‌ను ప్రతిపాదించినప్పుడు వెబ్ అంటే ప్రధానంగా చదువుకునే పత్రాలే. 1996లో అది ప్రమాణమైంది. అదే ఏడాది నెట్‌స్కేప్ జావాస్క్రిప్ట్‌లోనే శైలులు రాసే పద్ధతి ఒకటి ప్రతిపాదించింది కానీ, అది నిలబడలేదు.

ఆ ఆలోచనకు మళ్లీ ప్రాణం పోసింది ఫేస్‌బుక్ ఇంజినీరు క్రిస్టఫర్ షెడో 2014 నవంబరులో చేసిన ప్రసంగం. పెద్ద సైట్లలో సీఎస్ఎస్ పెట్టే ఏడు చిక్కులను ఆయన వరసగా చూపించాడు. ఏ శైలి నెగ్గుతుందో ముందుగా చెప్పలేకపోవడం వాటిలో ఒకటి. శైలులను మామూలు జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టులుగా రాస్తే, రెండింటిని కలిపినప్పుడు తర్వాత వచ్చిన విలువే మిగులుతుంది.

ఆ తర్వాత ఇలా జావాస్క్రిప్ట్‌లో శైలులు రాసే లైబ్రరీల వెల్లువ. 2016లో గ్లెన్ మాడర్న్, మాక్స్ స్టోయిబర్ స్టైల్డ్ కాంపొనెంట్స్ విడుదల చేశారు. దానితో ఉన్న బటన్ శైలి మీదే ఇంకో బటన్ కట్టుకోవచ్చు. మరుసటి ఏడాది వచ్చిన ఎమోషన్ లైబ్రరీ, ఏ శైలి నెగ్గుతుందన్న చిక్కును సూటిగా విప్పింది. అది రెండు క్లాసులను పక్కపక్కన వదిలేయదు. రాసినవాళ్లు ఇచ్చిన వరసలోనే నియమాలను అతికించి, కొత్తగా ఒకే క్లాసు పుట్టిస్తుంది. నిర్ణయం ఫైలు చేతిలోంచి మనిషి చేతికి రావడమే ఈ ఉద్యమం సాధించిన అసలు లాభం.

దానికి ధర కూడా ఉంది. ఈ అతుకు పనంతా పేజీ నడుస్తుండగా బ్రౌజరే చేయాలి. ఎమోషన్ నిర్వాహకుల్లో ఒకరైన శామ్ మగురా 2022లో తన బృందం ఆ దారి వదులుతోందని కారణాలతో సహా రాశాడు.

ఫేస్‌బుక్ మరో దారి పట్టింది. పాత హోంపేజీ కుదించాక కూడా 400 కేబీకి పైగా సీఎస్ఎస్ లాగేది; కొత్త సైటులో అది 80 శాతం తగ్గింది. ఒక్కో లక్షణానికీ ఒక్కో చిన్న క్లాసు, అదీ పేజీ బ్రౌజరుకు చేరకముందే, బిల్డ్ సమయంలోనే తయారు. ఎరుపు ఎన్ని చోట్ల వాడినా దానికి క్లాసు ఒకటే. 2023 డిసెంబరులో ఈ పని చేసే పనిముట్టును స్టైల్‌ఎక్స్ పేరుతో అందరికీ ఇచ్చారు. అక్కడా చివర రాసినదే నెగ్గుతుంది, ఒక్క మినహాయింపుతో: నాలుగు వైపుల మార్జిన్ తర్వాత రాసినా, పైవైపు మార్జిన్ విడిగా చెప్పి ఉంటే మామూలుగా దానిదే పైచేయి.