కాన్పూ, పద్దూ: షోలాపూరు సాలెవాడల్లో ప్రసూతి రక్షణ చరిత్ర

కాన్పు ఆడదానికి పునర్జన్మ అంటారు మన పెద్దలు. ఆ పునర్జన్మకు అయ్యే ఖర్చు ఎవరు భరించారు, దాన్ని ఏ పుస్తకంలో ఎవరు రాసిపెట్టారు అనే రెండు ప్రశ్నలను షోలాపూరు తెలుగువాడల చరిత్రకు అన్వయించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. మామూలుగా డబ్బు సంగతిని అర్థశాస్త్రజ్ఞులకూ, లెక్కల సంగతిని జనాభా శాస్త్రజ్ఞులకూ వదిలేస్తాం. కాని షోలాపూరు అనుభవం చూస్తే ఈ రెంటినీ విడదీయడం కుదరదని తెలుస్తుంది. పేరు పుస్తకానికి ఎక్కిన చోటికే పైకం చేరింది. పేరు ఎక్కని చోట చట్టం ఉన్నా చేతికి ఏమీ అందలేదు. భాషాశాస్త్రం చదువుకున్నవాడికి ఈ విషయంతో ఏం పని అని అడగవచ్చు. దానికి జవాబు వ్యాసం చివర దొరుకుతుంది.

పుట్టింటి పైకం

షోలాపూరుకు తెలుగు పద్మశాలీలు పెద్ద ఎత్తున వలస వచ్చింది 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో. నాటి నిజాం రాజ్యంలోని తెలంగాణా జిల్లాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవారు పట్టణం తూర్పు భాగంలో, సాఖర్ పేట, జోడ్‌భావి పేట, భవానీ పేట, పాచ్ఛా పేట వంటి చోట్ల మగ్గాలు వేసుకున్నారు. 1876-78 నాటి కరువు ఈ వలసను ఇంకా పెంచింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1877లో, షోలాపూరులో మొదటి నూలుమిల్లు మొదలైంది. తర్వాతి కాలంలో అది 'జూనీ మిల్లు' అనే పేరుతో స్థిరపడింది.

చేమగ్గం ఉన్న ఇంట్లో స్త్రీ పనికి విడిగా కూలి లేదు. కండెలు చుట్టడం, ఆసు పోయడం, పడుగు సరిచేయడం ఆమె పనులు. కూలి మాత్రం బట్టకు వచ్చేది, బట్ట నేసిన మగవాడి చేతికి వచ్చేది. కనుక ఆమె కాన్పు రోజుల్లో పోయిన పనికి పరిహారం అనే ఊహే పుట్టలేదు. ప్రసూతి ఇంట్లోనే, మంత్రసాని చేతిమీదుగా. తొలి కాన్పు ఆచారం ప్రకారం పుట్టింట్లో, ఖర్చు పుట్టింటివారిది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ప్రసూతి ఖర్చుకు తెలుగు సమాజం చేసుకున్న మొదటి ఏర్పాటు ఇదే. పుట్టింటికి కలిమి ఉంటే బాలింతకు పథ్యం, విశ్రాంతి దొరికేవి. లేకుంటే లేదు.

ఈ ఆచారానికి లెక్కల వైపు ఒక ఫలితం ఉంది. జననం ఎక్కడ జరిగితే అక్కడి పుస్తకంలోనే నమోదు కావాలన్నది నియమం. షోలాపూరు కోడలు కరీంనగరో నల్లగొండో వెళ్లి ప్రసవిస్తే ఆ బిడ్డ అక్కడి పద్దులో పడుతుంది. ఆ తల్లికి ప్రమాదం జరిగినా అక్కడి పద్దులోనే పడుతుంది. ఆమె ఏడాది పొడవునా పని చేసిన వాడకు మాత్రం ఆ కష్టం కనబడదు.

చందాల కాలం

ఇంటి బయట ప్రసూతి వైద్యానికి డబ్బు సమకూర్చే ఒక పెద్ద ప్రయత్నం 1885లో డఫరిన్ నిధితో జరిగింది. వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేర ఏర్పడిన ఈ నిధికి సంస్థానాధీశులు, వర్తకులు, అధికారులు చందాలిచ్చారు. దేశంలో ఎన్నో పట్టణాల్లో స్త్రీల ఆసుపత్రులకు ఆ పేరు నిలిచింది. షోలాపూరులోనూ డఫరిన్ ఆసుపత్రి వెలిసింది, దాని దగ్గరి కూడలిని ఇప్పటికీ డఫరిన్ చౌక్ అంటారు. చందాలతో భవనం లేస్తుంది కాని, ఏటేటా దాయికి, నర్సుకు, మందుకు కావలసిన పైకానికి దాత మనసు మీద ఆధారపడవలసి వస్తుంది. దానమిచ్చేవాడికి బాలింత పేరు అక్కర లేదు, ఆమెకూ ఆ డబ్బు మీద హక్కు లేదు.

మిల్లు హాజరు పట్టీ

హక్కు అన్న మాట 20వ శతాబ్దిలో వచ్చింది. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ కార్మిక సమావేశం ప్రసూతి రక్షణపై ఒక ఒడంబడికను ఆమోదించింది. ప్రసూతి భత్యం ప్రభుత్వ ధనం నుంచి గాని, బీమా పద్ధతిలో గాని రావాలని అందులో ఉంది. ఎన్.ఎం. జోషీ 1924లో కేంద్ర శాసనసభలో ఇటువంటి బిల్లు తెచ్చారు కాని అది నెగ్గలేదు. చివరికి మొదటి చట్టం చేసింది బొంబాయి రాష్ట్రం, 1929లో. అప్పటి షోలాపూరు ఆ రాష్ట్రంలోనిదే. ఈ బిల్లుపై 1928 జులైలో బొంబాయి శాసనమండలిలో మాట్లాడిన డాక్టర్ అంబేద్కర్ తల్లికి కాన్పు ముందూ తర్వాతా విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలు అన్నారు. ఆ భారంలో చాలా భాగం ప్రభుత్వం మోయవలసిందేనని ఒప్పుకుంటూనే, స్త్రీల శ్రమతో లాభపడే యజమాని కూడా కొంత మోయాలని వాదించారు.

చట్టంలో మాత్రం భారమంతా యజమాని మీదే పడింది. రోజుకు ఎనిమిది అణాలు, కాన్పుకు ముందు మూడు వారాలు, తర్వాత నాలుగు వారాలు. మిల్లుల కండె, రీలింగు ఖాతాల్లో పనిచేసే స్త్రీలకు ఇది కొంత అండ అయింది. కాని అందులో రెండు లోపాలున్నాయి. ఒకటి, ఏ మిల్లులో కాన్పు జరిగితే ఆ మిల్లే చెల్లించాలంటే స్త్రీలను పనిలోకి తీసుకోకపోవడమే యజమానికి లాభం. బొంబాయి మిల్లుల్లో స్త్రీల సంఖ్య తగ్గిపోవడానికి గల కారణాల్లో దీన్ని కూడా చరిత్రకారులు చెబుతారు. రెండోది మన విషయానికి ముఖ్యం. మిల్లు హాజరు పట్టీలో పేరున్న స్త్రీకే ఈ చట్టం. ఇంటి మగ్గం దగ్గర కండెలు చుట్టే తెలుగు స్త్రీకి హాజరు పట్టీ ఎక్కడిది?

బీడీ పుస్తకం

చేమగ్గాల చోట మరమగ్గాలు వచ్చి, మిల్లులు ఒక్కొక్కటే దెబ్బతిన్న తర్వాత సాలెవాడల స్త్రీలకు బీడీ పనే ప్రధాన ఆధారమైంది. తునికాకు, పొగాకు కార్ఖానా నుంచి తెచ్చుకుని, ఇంటి గడపలో చాట ఒళ్లో పెట్టుకుని చుట్టే పని. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. నెలలు నిండినా కూర్చుని చేయగల పని కనుక ఆపరు. పొగాకు ధూళి ఊపిరి ద్వారా, నికోటిన్ చర్మం ద్వారా ఒంట్లో చేరుతూనే ఉంటాయి.

ఈ స్త్రీలకు చట్టం మొదటిసారి దారి చూపింది 1966లో. ఆ ఏటి బీడీ, సిగారు కార్మికుల చట్టం ఇంట్లో పనిచేసేవారిని కూడా కార్మికులుగా గుర్తించి, 1961 నాటి ప్రసూతి సౌకర్యాల చట్టాన్ని వారికి వర్తింపజేసింది. అయితే రెండు సెక్షన్లు తొలగించి. ప్రసూతి వైద్యానికి ఇచ్చే బోనసు గురించిన 8వ సెక్షనూ, గర్భం వల్ల కలిగే జబ్బుకు సెలవు గురించిన 10వ సెక్షనూ ఇంటి కార్మికురాలికి వర్తించలేదు. యజమానులు ఈ చట్టాన్ని సవాలు చేసినప్పుడు, 1974లో మంగళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. మధ్యలో గుత్తేదారు ఉన్నాడనే సాకుతో అసలు యజమాని తప్పించుకోలేడని తేలింది.

1976లో ఇంకో మంచి అడుగు పడింది. బీడీ పొగాకు మీద సెస్సు వేసి, ఆ పైకంతో కార్మికుల సంక్షేమ నిధి ఏర్పాటు చేశారు. కాన్పు ఏ యజమాని కింద జరిగిందన్నదానితో నిమిత్తం లేకుండా పరిశ్రమ అంతా కలిసి భరించే పద్ధతి ఇది. 1929 చట్టంలోని మొదటి లోపానికి ఇదే సరైన మందు. ఆసుపత్రులు, పిల్లల చదువుకు సాయం, ఇళ్లు, మొదటి రెండు కాన్పులకు భత్యం ఈ నిధి నుంచి వచ్చాయి. చివరికాలంలో సెస్సు వెయ్యి బీడీలకు ఐదు రూపాయలు. 2017 జులైలో జీఎస్టీ రావడంతో ఇతర సెస్సులతో పాటు దీన్నీ రద్దు చేశారు. అప్పటినుంచి సంక్షేమ పథకాలకు పైకం కేంద్ర బడ్జెటు నుంచి రావలసిందే. వెనుక నిధికి తనదంటూ ఒక ఊట ఉండేది, ఇప్పుడది ఏటేటా అడిగి తెచ్చుకునే నీళ్లయింది.

రెండో లోపం, పేరు పుస్తకానికి ఎక్కకపోవడం, ఈ కాలంలోనూ పోలేదు. ప్రసూతి భత్యానికి కాన్పుకు ముందు ఏడాదిలో ఇన్ని రోజులు పనిచేసినట్టు రుజువుండాలి. 1961లో అది 160 రోజులు, 1988 సవరణతో 80 రోజులైంది. ఇంటి కార్మికురాలికి రుజువు ఆమె పుస్తకమే. కాని చాలా ఇళ్లల్లో పుస్తకం ఒకటే, చుట్టే చేతులు మూడు నాలుగు. పుస్తకం అత్త పేరున ఉంటుంది, బీడీలు కోడలు చుడుతుంది. కాన్పు కోడలిది, పద్దు అత్తది. అత్తకు పని దినాలున్నాయి గాని కాన్పు లేదు. కోడలికి కాన్పుంది గాని పని దినాలు లేవు. ఈ చిక్కుకు కోర్టులో పరిష్కారం దొరకదు. వారానికోసారి పుస్తకంలో ఎవరి పేరు రాస్తున్నారన్న చోటే దొరకాలి.

పేర్లు సరిగా రాస్తే ఏమవుతుందో షోలాపూరే చూపింది. బీడీ కార్మిక స్త్రీలు సంఘటితమై, జాబితాలు పట్టుకుని ఏళ్ల తరబడి పోరాడిన ఫలితంగా కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేర 10,000 ఇళ్లు కట్టి 2006లో అందజేశారు. తర్వాత రాయనగరులో తలపెట్టిన 30,000 ఇళ్లలో 15,000 ఇళ్లను 2024 జనవరిలో ఇచ్చారు. కార్మికురాలి వాటా, కేంద్రం వాటా, రాష్ట్రం వాటా కలిస్తే పని జరిగింది. గమనించవలసిన మాట ఒకటుంది. కుంభారి దక్షిణ షోలాపూరు తాలూకాలోని గ్రామం. ఇల్లు మారిన తల్లి నగరపాలిక పద్దులోంచి జారి గ్రామం పద్దులోకి వెళ్తుంది. ఆమె ప్రసూతి సేవల బాధ్యత కూడా వెంట వెళ్లాలి.

సగటు దాచే సంగతులు

2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు దేశంలో 97, మహారాష్ట్రలో 33, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. 2030 నాటికి ప్రపంచ సగటును 70 కంటే తక్కువకు దించాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. ఆ కొలతతో చూస్తే మన మూడు రాష్ట్రాలూ గట్టెక్కినట్టే. కాని రాష్ట్రం సగటు ఒక వాడ సంగతి చెప్పదు. ఏటా 2,000 కాన్పులు జరిగే వాడ ఒకటి ఉందనుకుందాం. మహారాష్ట్ర సగటు ప్రకారం అక్కడ మూడేళ్లకు రెండు మరణాలు. అంత చిన్న సంఖ్యల నుంచి రేటు కట్టలేం. అటువంటి చోట ఒక్కొక్క మరణాన్నీ, ప్రాణం మీదికి వచ్చి తప్పిపోయిన ఒక్కొక్క గండాన్నీ విడిగా విచారించడమే దారి. మరణాల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండే రక్తహీనతనూ కొలవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత కనిపించింది.

ఇందుకు కొత్త పుస్తకాలేమీ అక్కర లేదు. జనన నమోదు ఫారంలోనే తల్లి నివాసం, చదువు, వృత్తి, కాన్పు ఎవరి చేతిమీదుగా జరిగింది, బిడ్డ బరువు ఎంత అనే గళ్లున్నాయి. మరణ నమోదు ఫారంలో చనిపోయిన స్త్రీ గర్భిణియా, కాన్పు సమయంలోనా, తర్వాత ఆరు వారాల్లోపునా అని అడుగుతారు. ఆ గళ్లు నిజంగా నిండితే బీడీ చుట్టే తల్లుల బిడ్డల బరువెంతో వాడవారీగా చెప్పవచ్చు. నిధి అడగడానికి అంతకంటే బలమైన కాగితం ఉండదు.

వృత్తి అనే గడి

ఇక్కడే భాష ప్రసక్తి వస్తుంది. షోలాపూరు తెలుగులో పదాలు సేకరించడానికి వెళ్లినప్పుడు ఒక ఇంటి గడపలో తునికాకు కత్తిరిస్తున్న ఇల్లాలిని, ఏం పని చేస్తావమ్మా అని అడిగాను. చేతిలో కత్తెర ఆపకుండానే, "పనేముంది సారూ, ఇంట్లనే ఉంట" అంది. జనన ఫారంలో వృత్తి లేకపోతే 'లేదు' అని రాయమని సూచన ఉంటుంది. ఆమె మాటను నమ్మి గుమాస్తా అలాగే రాస్తాడు. ఇంకో చిక్కుంది. మరాఠీలో వృత్తిని 'వ్యవసాయ' అంటారు. తెలంగాణా నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి ఆ మాట వినగానే తోచేది పొలం పని. లేదంటుంది. బాలింతను మరాఠీవారు 'బాళంతీణ' అంటే చప్పున అర్థమవుతుంది. పోలిక ఉన్న మాట దగ్గర చేస్తుంది, ఒకే రూపంలో వేరే అర్థం దాచుకున్న మాట దారి తప్పిస్తుంది. భాషాశాస్త్రంలో ఇది మొదటి ఏడాది పాఠం. షోలాపూరులో మాత్రం దీని వల్ల ఒక కార్మికురాలు లెక్కలోంచి జారిపోగలదు.

1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివారిపై చేసిన ఒడంబడికలో ప్రసూతి రక్షణ, కార్మిక గణాంకాల్లో ఇంటి పనిని చేర్చడం, రెండూ ఉన్నాయి. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. 2015లో మొదలైన ప్రపంచ ఆర్థిక సహాయ సంస్థ ఒకటి తల్లీబిడ్డల ఆరోగ్యానికి డబ్బునూ, జనన మరణాల నమోదునూ కలిపి చూస్తున్నది. మనదేశంలో 1961, 1966 చట్టాల స్థానంలో 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. 2021లో మొదలైన ఈ-శ్రమ్ పట్టికలో అసంఘటిత కార్మికురాలు తన పేరు తానే నమోదు చేసుకోవాలి. 2017 నుంచి తొలి కాన్పుకు 5,000 రూపాయలిస్తున్న కేంద్ర పథకానికీ నమోదే తొలి మెట్టు. పేరు రాయవలసిన పూచీ యజమాని నుంచి క్రమంగా కార్మికురాలి మీదికి జరుగుతున్నదన్నమాట. ఆమెకు ఫారం భాష తెలిసి ఉండాలి, లేదా తెలిసినవారు పక్కన ఉండాలి.

మన విద్యార్థులు రెండు భాషలు వచ్చినవారు. షోలాపూరులోనే కాదు, భివండీలో, సూరత్‌లో కూడా తెలుగు సాలెవాడలున్నాయి. సెలవుల్లో పాటలు, సామెతలు సేకరించే పిల్లలు ఒక పూట ప్రసూతి ఆసుపత్రి నమోదు బల్ల దగ్గర కూర్చుని, తెలుగు తల్లికి ఆ గడి ఏమడుగుతున్నదో విడమరిచి చెబితే చాలు. 'లేదు' అని పడవలసిన చోట 'బీడీ పని' అని పడుతుంది. పుస్తకం అత్త పేరున ఉన్న ఇంట్లో కోడలి పేరున రెండోది తీసుకోవాలని కూడా అప్పుడే చెప్పవచ్చు.