ముగ్గురు కొండాలు: ఇంటిపేరు ఒక్కటే, చుట్టరికం లేదు

నాట్లు అయిపోయినయి, కలుపుకు ఇంక జర టైముంది. ఈ సందుల ఒక చరిత్ర ముచ్చట రాద్దామనుకున్న. పొడుగుంటది, ఓపికతోని చదువుండ్రి.

మన దిక్కు కొత్త మనిషి కనబడితే మొదలు అడిగేది "ఏ ఊరు?", రెండోది "ఇంటిపేరేంది?". ఇంటిపేరు చెప్పంగనే మన మనసుల లెక్క అయిపోతది. ఫలానా కులం, ఫలానోళ్ల పాలోడు, ఫలానా పార్టీ అని. ఎదుటి మనిషి ఇంక నోరు తెరవకముందే మనం తీర్పు చెప్పేస్తం. ఈ లెక్క ఎంత తప్పయితదో తెలవాలంటే ఎక్కువ పేర్లు అక్కర లేదు. 'కొండా' అనే ఒక్క ఇంటిపేరు చాలు.

ముందుగాల అసలు ఇంటిపేరు సంగతి చూద్దాం. మన వెల్గటూర్ మండలంలనే కోటిలింగాల ఉన్నది. అక్కడ పాత నాణేలు దొరికినయి. గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే రాజుల పేర్లున్నవి కొన్ని, ఛిముక సాతవాహనుని పేరున్నవి కొన్ని. కొన్నిటి మీద ఉత్త మనిషి పేరే, ఛిముకుని నాణేల మీద వంశం పేరు కూడ. తర్వాత వచ్చిన సాతవాహన రాజులు తల్లి గుర్తును పేరుకు ముందు పెట్టుకున్నరు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అని అట్ల వచ్చినవే. అంటే "వీడు ఎవరింటోడు" అని చెప్పుకునే పద్ధతి కాలానికొక తీరుగ మారుకుంట వచ్చింది. ఇప్పుడు మన పద్ధతి ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనుక.

ఈ ఇంటిపేర్లు ఎక్కడికెళ్లి వచ్చినయంటే, చుట్టూ కనబడే వాటికెళ్లే. కొన్ని పాత ఊరి పేర్లు. కొన్ని చెట్ల పేర్లు: మామిడి, చింతల, వేముల. కొన్ని వస్తువులు, కొన్ని మనిషి గుర్తులు: బండి, గడ్డం. ఏ ఊర్లెనైనా చింతచెట్టు ఉంటది, ఏ కులంలోనైనా గడ్డం పెంచిన ముత్తాత ఉండొచ్చు. అందుకే ఒకే ఇంటిపేరు దూరం దూరం ఊర్లల్ల, వేరే వేరే కులాలల్ల కనబడుతది. కొండ కూడ అంతే. మనం మాటల్ల గుట్ట అంటం గని, కొండగట్టు అంజన్న దగ్గరికి పోయేటప్పుడు కొండనే అంటం. గుట్టలు లేని తావు తెలుగు నేల మీద ఎంత వెతికినా తక్కువే. అట్లనే కొండా ఇంటిపేరు గుంటూరుల ఉన్నది, హైదరాబాద్ పక్కపొంటి ఉన్నది, గోదారి అవతల ఆసిఫాబాద్ దిక్కు కూడ ఉన్నది.

మొదటి కొండా గుంటూరాయన. కొండా వెంకటప్పయ్య పంతులు. 1866 ఫిబ్రవరి 22న పుట్టిండు. వకీలు. 1902ల దాసు నారాయణరావుతో కలిసి మచిలీపట్నంల కృష్ణాపత్రిక పెట్టిండు. తెలుగోళ్లకు ఒక రాష్ట్రం కావాలని 1913ల బాపట్లల జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ వెనుక ఈయన కష్టం ఉన్నది. జనం ఆయనను 'దేశభక్త' అని పిలిచిన్రు.

రైతులం మనం ఆయన గురించి తెలుసుకోవాల్సింది ఇంకోటున్నది. 1921–22ల గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాల రైతులు భూమి శిస్తు కట్టమని మొండికేసిన్రు. పర్వతనేని వీరయ్య చౌదరి ముందు నడిచిండు. ఊరి ఉద్యోగాలు చేసేటోళ్లు రాజీనామాలు ఇచ్చిన్రు. సర్కారు గట్టిగ మీద పడ్డది. అప్పుడు ఆ ప్రాంత కాంగ్రెస్ పెద్ద వెంకటప్పయ్య పంతులే. ఒక దిక్కు వెనక్కి తగ్గని రైతులు, ఇంకో దిక్కు "షరతులు పూర్తిగ నెరవేరకుంట ముందుకు పోవద్దు" అనే గాంధీజీ. ఆ నడుమ నిలబడి మాట చెప్పాల్సిన బరువు ఆయన మీద పడ్డది. 1922 ఫిబ్రవరిల పోరు ఆగిపోయింది. రైతు పోరాటంల ముందు నడిచేటోని కష్టం ఒక తీరు, "ఇగ ఆపుదాం" అని చెప్పాల్సి వచ్చినోని కష్టం ఇంకో తీరు. ఏ సంఘంలనైనా పని చేసినోళ్లకు ఇది అర్థమైతది.

రెండో కొండా మన తెలంగాణ మనిషి. కొండా వెంకట రంగారెడ్డి. 1890 డిసెంబర్ 12న మొయినాబాద్ దిక్కు పెద్దమంగళారంల పుట్టిండు. ఈయన కూడ వకీలే. ఇక్కడ పేర్ల తికమక ఇంకోటున్నది, చూడుండ్రి. బాపట్లల మొదలైన ఆంధ్ర మహాసభ వేరు, నిజాం రాజ్యంల మనోళ్లు పెట్టుకున్న ఆంధ్ర మహాసభ వేరు. పేరు ఒక్కటే, నేల వేరు, కష్టాలు వేరు. ఈ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ నాలుగో సభ 1935ల మన సిరిసిల్లలనే జరిగింది. దానికి మాడపాటి హనుమంతరావు అధ్యక్షుడు. మరుసటేడు 1936ల షాద్‌నగర్ సభకు అధ్యక్షుడు కొండా వెంకట రంగారెడ్డి. అంటే ఒక కొండా బాపట్ల సభను నిలబెట్టిండు, ఇంకో కొండా ఇక్కడి సభకు పెద్ద అయ్యిండు. ఇద్దరి నడుమ పాలిపగ లేదు, పాలుపంపకం లేదు. వాళ్లకు వీళ్లకు ఏ చుట్టరికమూ లేదు.

ఆంధ్రతోని తెలంగాణను కలుపుతమన్నప్పుడు రంగారెడ్డి వద్దన్న దిక్కే ఉండె. కలుపుడు ఖాయమైనంక, కనీసం రక్షణలన్న కాగితం మీద పెట్టించాలని కూసున్నడు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీల అయిన పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ తరఫున సంతకం పెట్టిన నలుగురిల ఆయన ఒకడు. మిగతా ముగ్గురు బూర్గుల రామకృష్ణారావు, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ఆ కాగితంల నౌకర్ల మాట ఉన్నది, చదువుల మాట ఉన్నది. రైతుకు సంబంధించిన మాట కూడ ఒకటున్నది. తెలంగాణల వ్యవసాయ భూముల అమ్మకం ప్రాంతీయ మండలి అదుపుల ఉండాలని రాసుకున్నరు. భూమి చేతులు మారితే ఊరే చేతులు మారుతదని వాళ్లకు అప్పుడే ఎరుక.

ముఖ్యమంత్రి ఒక ప్రాంతమోడైతే ఉప ముఖ్యమంత్రి ఇంకో ప్రాంతమోడు ఉండాలని కూడ అదే కాగితంల ఉన్నది. గని మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఆ పదవిని ఆరో వేలుతోని పోల్చి పక్కకు పెట్టిండు. తర్వాత కొన్నేండ్లకు ఆ పదవి ఇచ్చింది రంగారెడ్డికే. ఆయన 1970 జూలైల కాలం చేసిండు.

మూడో కొండా మనకు ఇంకా దగ్గర. కొండా లక్ష్మణ్ బాపూజీ. రాయపట్నం బ్రిడ్జి దాటి లక్సెట్టిపేట, మంచిర్యాల, ఆసిఫాబాద్ మీదుగ పోతే వాంకిడి వస్తది. 1915 సెప్టెంబర్ 27న అక్కడ పుట్టిండు. పద్మశాలి ఇంట్ల పుట్టినోడు. ఈయన కూడ వకీలే! నిజాంకు ఎదురు తిరిగిండు. చేనేత సహకార సంఘాల కోసం బతుకంత తిరిగిండు. సిరిసిల్ల, కోరుట్ల పద్మశాలి ఇండ్లల్ల ఆయన పేరు చెప్తే ఇప్పటికీ లేచి నిలబడే పెద్దమనుషులున్నరు. మన దిక్కు తండ్రిని బాపు అంటం కదా. అందుకే బాపూజీ అంటే మనకు ఎక్కడో ఢిల్లీ మాట లెక్క అనిపియ్యది, ఇంట్ల పెద్దమనిషిని పిలిచినట్టే ఉంటది.

1956 కాగితం మీది రక్షణలు నీటి మీది రాతలైనయని 1969ల తెలంగాణ మండింది. అప్పుడు బాపూజీ రాష్ట్ర మంత్రి. తెలంగాణ కోసం మంత్రి పదవి వదులుకున్నడు. ఒక కొండా సంతకం పెట్టిన కాగితం అమలు కాలేదని ఇంకో కొండా కుర్చీ వదిలిండన్నట్టు. 2001ల తెలంగాణ రాష్ట్ర సమితి పార్టీ పుట్టింది కూడ హుస్సేన్ సాగర్ ఒడ్డుకు ఉన్న ఆయన ఇల్లు జలదృశ్యంలనే.

ఇప్పుడు ముగ్గురిని ఒక వరుసల పెట్టి చూడుండ్రి. ఇంటిపేరు ఒక్కటి. చదివిన చదువు ఒక్కటే, ముగ్గురూ వకీళ్లే. కులాలు మూడు, ప్రాంతాలు మూడు. కోరుకున్నవి కూడ వేరే. మొదటాయన తెలుగోళ్లకు రాష్ట్రం కావాలన్నడు. రెండో ఆయన తెలంగాణను కలపద్దన్నడు, కలిపినంక రక్షణల కోసం కొట్లాడిండు. మూడో ఆయన విడిపోవాలన్నడు. మొదటాయన 1949 ఆగస్టు 15న పోయిండు, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953ల. మూడో ఆయన 2012 సెప్టెంబర్ 21న పోయిండు, తెలంగాణ వచ్చింది 2014 జూన్ 2న. ఇద్దరూ కోరుకున్న రాష్ట్రాన్ని కండ్లతోని చూడలేదు. విత్తనం ఏసినోడే పంట కోస్తడని లేదు. ఈ సంగతి రైతుకు ఒకరు చెప్పనక్కర లేదు.

ఇగ ఈ ఇంటిపేరుతోని ఉన్న వస్తువుల సంగతి. 1978ల హైదరాబాద్ జిల్లాకెళ్లి విడదీసి కొత్త జిల్లా చేసినప్పుడు దానికి కె.వి. రంగారెడ్డి జిల్లా అని పేరు పెట్టిన్రు. అప్పుడు ముఖ్యమంత్రి ఆయన మేనల్లుడు చెన్నారెడ్డి. జనం నోట్ల నాని నాని 'కె.వి.' రాలిపోయింది. రంగారెడ్డి జిల్లా మిగిలింది. ఆ 'కె' అంటే కొండా అని ఇప్పటి పిల్లల్ల ఎందరికి తెలుసు?

ఇది ఒక్క కొండాకే కాదు. మన మండలం ఊర్లను ముంచిన ప్రాజెక్టు పేరు శ్రీపాద ఎల్లంపల్లి. ఆ శ్రీపాద అంటే మంథని నాయకుడు, అసెంబ్లీ స్పీకర్‌గ చేసిన దుద్దిళ్ల శ్రీపాదరావు. ప్రాజెక్టు పేరుల దుద్దిళ్ల లేదు. జగిత్యాల సన్నాలు ఇచ్చిన మన పొలాస పరిశోధన స్థానం ఇప్పుడు ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉన్నది. ఆయన కొత్తపల్లి జయశంకర్. బోర్డు మీద కొత్తపల్లి లేదు. హనుమాజీపేట సినారెను తీసుకోండ్రి. ఆ 'సి' అంటే సింగిరెడ్డి. ఇంగ్లీషుల ఇంటిపేరు 'సి' అక్షరంతోని రాస్తే అదే పొట్టి పేరై నిలిచిపోయింది.

ఇంటిపేరు రాలిపోకుంట నిలిచిన బోర్డు ఒకటున్నది. సిద్దిపేట జిల్లా ములుగుల ఉన్న శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం. పండ్లు, కూరగాయల చదువులు అక్కడనే. చల్‌గల్ మార్కెట్‌కు మామిడికాయ తీసుకపోయేటోళ్లు, కూరగాయలు పెట్టేటోళ్లు ఆ పేరు ఒక్కసారన్న పూర్తిగ పలకాలె. "హార్టికల్చర్ యూనివర్సిటీ" అని సగంల ఆపితే ఒక చేనేత బిడ్డ పేరు మన నోట్ల రాలిపోతది.

ఇదంత ఎందుకు రాసిన్నంటే, రెండు కారణాలు.

ఒకటి. ఇంటిపేరు చూసి మనిషికి ధర కట్టుడు మానాలె. సర్పంచ్ ఎన్నికలు రాంగనే మన ఊర్లల్ల ఇంటిపేర్లు లెక్కపెట్టుడు మొదలైతది. ఇన్ని ఇండ్లు మావి, ఇన్ని ఇండ్లు వాళ్లవి అని. ముగ్గురు కొండాలను చూసినంక ఆ లెక్క ఎంత ఉత్తదో ఎరుకైతది. ఇంటిపేరు పుట్టుకతోని వస్తది. దాని వెనుక ఏం పని చేసిండన్నదే మనిషిది.

రెండోది మన భూమి సంగతి. ఒకే ఊర్ల ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నోళ్లు ఇద్దరుంటే రికార్డుల తేడా చెప్పేది తండ్రి పేరే. ఆధార్‌ల 'కొండ', పాస్ బుక్కుల 'కొండా' అని పడ్డా, ఒకదాంట్ల ఇంటిపేరు పూర్తిగ ఉండి ఇంకోదాంట్ల ఒక్క అక్షరమే ఉన్నా, పైసలు పడే కాడ, పౌతి చేసుకునే కాడ తిప్పలైతది. ధరణి పోయి భూభారతి వచ్చినా పేరు పేరే. ఈ వారం జర టైం తీసుకొని పాస్ బుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ ముందట పెట్టుకొని ఇంటిపేరు అక్షరం అక్షరం సరిచూసుకోండ్రి. తేడా ఉంటే పెద్దమనుషులు బతికున్నప్పుడే సరిచేయించుకోండ్రి. వాళ్లు పోయినంక సాక్ష్యం చెప్పేటోళ్లు దొరకరు.

అట్లనే ఇంట్ల ముసలోళ్లుంటే "మన ఇంటిపేరు ఎట్ల వచ్చింది?" అని అడుగుండ్రి. ఏ ఊరికెళ్లి వచ్చిన్రో, ఏ గుట్ట కింద ఉన్నరో, ఏ పని చేసిన్రో వాళ్లకు తెలిసినంత చెప్పిచ్చుకొని పాస్ బుక్కు పెట్టిన సంచిలనే ఒక కాగితం మీద రాసి పెట్టుండ్రి. భూమి రాసిచ్చినట్టే ఆ ముచ్చట కూడ పిల్లలకు రాసియ్యాలె.

ఉంట మరి. కలుపు తీసేటప్పుడు పైలం, పాములున్నయి.