పెచ్చు ఎక్కడ మొదలవుతుంది?

కొత్త గోడ మీద పెచ్చు లేస్తే ముందు తిట్లు తినేది పెయింటరు. చాలాసార్లు ఆ పాపం అతనిది కాదు. కట్టుబడి దగ్గర రోజూ వినే కొన్ని మాటల్ని విప్పి చూస్తే తప్పు ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది.

పట్టు: పై పూత కింది పూతను అంటిపెట్టుకునే గుణం. కాంక్రీటు స్తంభం నున్నగా ఉంటుంది, సెంట్రింగ్ రేకులకు పూసిన నూనె జిడ్డు కూడా దానికి అంటి ఉంటుంది. అందుకే ప్లాస్టరింగుకు ముందు దాన్ని కడిగి, ఉలితో గాట్లు పెడతారు. ఇటుక గోడా కాంక్రీటు దూలమూ కలిసే చోటు ఇంకో తంటా. ఎండకూ తడికీ రెండూ ఒకేలా కదలవు. ఆ అతుకు మీద అటూ ఇటూ అరడుగు చొప్పున చికెన్ మెష్ కొట్టకపోతే, బీట దారం పట్టి గీసినట్టు అక్కడే పడుతుంది.

మాలు: లోపలి గోడకు ఒక పాలు సిమెంటుకు 6 పాళ్లు ఇసుక, బయటి గోడకు 4 పాళ్లు. ఇది మామూలు లెక్క. సిమెంటు ఎంత ఎక్కువైతే అంత గట్టి అనుకుంటాం గానీ, అది ఎక్కువైన మాలు ముడుచుకుని సన్న బీటలిస్తుంది. నునుపు కోసం చివర్లో పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దినా ఇదే ఫలితం. నీళ్లు కలిపిన అరగంటలో మాలు వాడెయ్యాలి. భోజనానికి ముందు కలిపినదాన్ని భోజనం తర్వాత మళ్లీ నీళ్లు పోసి మెత్తబరిస్తే, పట్టడం మొదలైన సిమెంటును చెదరగొట్టినట్టే.

క్యూరింగ్: సిమెంటు ఆరి గట్టిపడదు, నీటితో కలిసి గట్టిపడుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతాది ఎవరూ చెప్పక్కర్లేదు. 12 మిల్లీమీటర్ల పూతలోని నీటిని మన ఎండాకాలం, కింద తడపకుండా వదిలేసిన ఇటుకలు చెరో పక్క నుంచి లాగేస్తాయి. కనీసం 7 రోజులు పూత తడిగా ఉండాలి. పొద్దున ఒక్కసారి పైపుతో జల్లి వెళ్లిపోతే మధ్యాహ్నానికే గోడ పొడిబారుతుంది. అలా ఎండిన పూతను గోరుతో గీకితే ఇసుక రాలుతుంది.

ఆరడం: తడపడం ఎంత అవసరమో, తర్వాత ఆరనివ్వడం అంతే అవసరం. మనవాళ్లు ఓడిపోయేది ఇక్కడే. గృహప్రవేశం ముహూర్తం కుదిరిపోయింది, కార్డులు పంచేశారు, గోడ ఇంకా పచ్చిగానే ఉంది. కొత్త సిమెంటు పూతను ఇంచుమించు 28 రోజులు ఆరనిచ్చి, తడి పోయిందని చూసుకున్నాకే రంగు జోలికి వెళ్లాలి. తొందరపడితే లోపలి తేమ బయటికి దారి వెతుక్కుంటూ రంగును బుడగలుగా లేపుతుంది. పచ్చి సిమెంటులోని క్షారం ఆయిల్ పెయింటును సబ్బులా మార్చి జిగటబరుస్తుంది. పాత సున్నపు వెల్ల ఆవిరిని ఆపేది కాదు గనక ఈ గొడవ అంతగా ఉండేది కాదు.

చవుడు: ఇటుకల్లో, ఇసుకలో, నీళ్లలో ఉన్న లవణాలు తేమతో పైకొచ్చి, తేమ ఆవిరయ్యాక తెల్లగా మిగిలేది. పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పునాది నుంచి చెమ్మ ఎక్కుతున్న గోడకు ఏ రంగు వేసినా దండగే.

లప్పం: చిన్న గుంతలు పూడ్చేది. వంకర గోడను మట్టం చేసేది కాదు. మందంగా దట్టిస్తే పెళుసై, పలకలుగా ఊడుతుంది.

డొల్ల: టైలును వేలితో తట్టినప్పుడు ఖాళీ కుండలా మోగడం. నాలుగు మూలలా, మధ్యలో ఒకటి మాలు ముద్దలు పెట్టి అదిమేస్తే మిగతా చోటంతా గాలే. పైగా విట్రిఫైడ్ టైలు తన బరువులో 0.5 శాతం మించి నీరు పీల్చదు. ఉత్త సిమెంటు పాలకు అక్కడ పట్టు దొరకదు. అందుకే దానికి టైల్ అడెసివ్ వాడి, పళ్లున్న తాపీతో వీపంతా పరవాలి. టైళ్ల మధ్యా, గోడ అంచునా సందు వదలాలి, లేకపోతే ఎండాకాలంలో సాగడానికి చోటు లేక జంటగా పైకి లేస్తాయి. పని జరుగుతుండగా, అప్పుడే అంటించిన ఒక టైలును పీకి వీపు చూపించమనండి. మేస్త్రీ మొహం ముడుచుకుంటాడు, ముడుచుకోనివ్వండి. ఎంత మేర తడి అంటిందో, ఎంత మేర పొడిగా ఉందో కళ్లెదుటే కనబడుతుంది.