కలయికా, ఎడబాటూ: ఆదేశాల చరిత్ర

కృష్ణపట్నం వద్ద కండలేరు కడలిలో కలిసే చోట నిలిచినప్పుడల్లా, కలయికను ఎవరైనా శాసించగలరా అని నాకనిపిస్తుంది.

విడిగా ఉన్న దంపతులను కలిసి కాపురం చేయమని ఆదేశించే అధికారం 1955 నాటి హిందూ వివాహ చట్టం కోర్టులకిచ్చింది. 1983లో టి. సరిత కేసులో మన హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి ఆ తొమ్మిదవ సెక్షనును కొట్టివేశారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు మరో కేసులో దానిని నిలబెట్టింది.

2005 నాటి గృహహింస చట్టం ఎదురుదారి తెరిచింది. హింసించినవాడు ఆమెతో మాట, ఉత్తరం, ఫోను ఏదీ నెరపరాదని మేజిస్ట్రేటు శాసించవచ్చు; మీరితే ఏడాది వరకు జైలు. బిడ్డను చూసే ఏర్పాటు వేరు. హాని ఉందనుకుంటే అదీ లేదు.

అటు తండ్రి కోసం ఎదురుచూసే బిడ్డ. ఇటు తొలిసారి నిశ్చింతగా నిద్రించే తల్లి. పాత డిక్రీకి ఆమె ఇష్టంతో పనిలేదు. కొత్త ఆదేశం, సాధారణంగా, రద్దు చేయమని ఆమె అడిగేదాకా చెల్లుతుంది. బిడ్డ ఎదురుచూపు బరువును తక్కువ చేయకుండానే, నేను తల్లి పక్షాన నిలుస్తాను.