గడ్డపు సబ్బు పుట్టుపూర్వోత్తరములు



గడ్డము గీయుటకు ముఖ్యముగా కావలసిన దేమి యని అడిగినచో కత్తి యని చెప్పువారే యెక్కువ. మన పూర్వు లట్లు తలంపలేదు. అథర్వవేదము ఆరవ కాండమున క్షురకర్మకు చేరిన చిన్న సూక్తమొకటి కలదు. సవితృదేవుడు కత్తి తీసికొని వచ్చినాడు. వాయుదేవుడా, నీవు వేడినీళ్లతో రమ్మని అందు పిలుపు. అనగా కత్తి వచ్చినంత మాత్రమున పని మొదలు కాదు. వెండ్రుక మెత్తబడవలెను. ఆశ్వలాయన గృహ్యసూత్రము చౌలకర్మను చెప్పుచు, చన్నీళ్లును వేడినీళ్లును కలిపి, వాని తోడ వెన్నను గాని, వెన్న లేనిచో పెరుగు చుక్కలను గాని తీసికొని, శిశువు తల ముమ్మారు తడుపవలెనని విధించినది. గడ్డపు సబ్బు చేయు రెండు పనులును, వెండ్రుకను నానబెట్టుటయు, చర్మమునకు జారుడు గలిగించుటయు, ఈ నీటను ఈ వెన్నను ఇమిడియే యున్నవి.

వాత్స్యాయనుడు నాగరకుని దినచర్యను వర్ణించుచు, నిత్యము స్నానమును, మూడవనాడు ఫేనకమును, నాలుగవనాడు ఆయుష్యమును చెప్పినాడు. ఫేనకమనగా నురుగు నిచ్చు పదార్థము. ఆయుష్యమనగా గడ్డము గీయించుకొనుట యని వ్యాఖ్యాత. ఎంత చక్కని పేరు! అయితే నురుగు వేరొకనాటిది, గడ్డము వేరొకనాటిది. ఆ రెండింటిని ముడిపెట్టవలసిన అవసరము ఆ నాగరకునికి కలుగలేదు. ఎందువలన కలుగలేదో, తరువాతి కాలమున ఎందువలన కలిగినదో, అదియే నేడు నేను మీకు మనవి చేయదలచిన సంగతి.

మీలో పెద్దలకు జ్ఞాపకముండును. క్షురకుడు పొది విప్పి, చిన్న గిన్నెలో నీళ్లు పోసికొని, ఎదుట గొంతుకూర్చుండి, వ్రేళ్లతో గడ్డమును నలుపుట మొదలిడెడివాడు. ఊరి వార్తలన్నియు ఆ నలుపుటలోనే వినవచ్చెడివి. ఆ నలుపు వట్టి లాంఛనము కాదు. వెండ్రుకపై సహజముగా నుండు జిడ్డు నీటిని లోనికి పోనీయదు. వ్రేళ్ల రాపిడి ఆ జిడ్డును చెదరగొట్టి, నీటిని వెండ్రుకలోనికి పంపును. గోరువెచ్చని నీటిలో రెండు మూడు నిమిషములు నానిన వెండ్రుక పొడి వెండ్రుకకంటె ఎంతో సులువుగా తెగును. కనుక మన క్షురకుని సబ్బు అతని వ్రేళ్లలోనే యుండెను.

సబ్బు మన దేశమున ప్రబలకపోవుటకు మరియొక కారణము కూడ కలదు. సబ్బనునది నూనెయు క్షారమును కలిసిన పదార్థము. మనకు నూనె కలదు, క్షారమును కలదు. అయితే తలకు కుంకుడు, సీకాయ, ఒంటికి సున్నిపిండి, బట్టలకు చాకలివారి చవుడు. ఏ పనికి ఆ వస్తువు చెట్టునుండియో నేలనుండియో సిద్ధముగా దొరకుచుండగా, నూనెను క్షారముతో గంటలకొలది ఉడికించువా రెవరు?

పాశ్చాత్యులకు అట్టి చెట్లు లేవు. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో రోమను గ్రంథకర్త ప్లినీ, గాల్ దేశీయులు కొవ్వును బూడిదను కలిపి సాపో యను వస్తువు చేయుదురని వ్రాసినాడు. అది కేశములకు ఎఱ్ఱదనము తెచ్చుటకట! లాటినువారి సాపో, అరబ్బుల సాబూన్, మన సబ్బు ఒకే కుటుంబపు మాటలు. సిరియాలోని అలెప్పో నగరమున ఆలివు నూనెతోను లారెల్ కాయల నూనెతోను సబ్బు వండి నెలలతరబడి ఆరబెట్టుదురు. ఆ విద్యను 2024లో యునెస్కో వారు మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినారు. ఫ్రాన్సు దేశపు మార్సేయి పట్టణపు సబ్బులో ఆలివు నూనె తప్ప వేరు కొవ్వు కలుపరాదని 1688లో రాజశాసనము పుట్టినది. కల్తీ బెడద ఆనాడును కలదన్నమాట.

ఇవన్నియు ఒంటికిని బట్టకును చేసిన సబ్బులే. గడ్డమునకు ప్రత్యేకముగా సబ్బు కావలసివచ్చుట, మనుష్యుడు క్షురకుని విడిచి తన గడ్డము తానే గీసికొన మొదలిడినప్పటి మాట. పారిసు నగరమున పెరే అను కత్తులపనివాడు 1769లో ఒక పుస్తకము ప్రకటించెను. తన గడ్డము తానే గీసికొనుట నేర్చు విద్య దాని విషయము. తన ముఖమును తానే నలుపుకొనుటకు ఓపిక ఎవరికుండును? అద్దము ముందు నిలిచి, ఒక చేత కత్తి పట్టినవానికి, ముఖముపై కదలక నిలిచి, నీటిని జారిపోనీయక పట్టియుంచు వస్తువు కావలెను. అదియే చిక్కని నురుగు. క్షురకుని వ్రేళ్లు చేసిన పనిని నురుగు చేయవలసివచ్చినది.

అట్టి నురుగు ఏ కొవ్వునుండి వచ్చునో తెలిపినవాడు షెవ్రోల్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన 1823లో ప్రకటించిన గ్రంథమున, కొవ్వులన్నియు గ్లిసరినుతో కూడిన ఆమ్లములని నిరూపించెను. ఆ ఆమ్లములలో స్టియరిక్ ఆమ్ల మొకటి. కొబ్బరినూనె సబ్బు త్వరగా నురుగు నిచ్చును గాని దాని బుడగలు పెద్దవి, నిలువవు. స్టియరిక్ ఆమ్లపు సబ్బు నురుగు వెన్నవలె సన్ననిది, నిలుచును. సోడా క్షారముతో చేసిన సబ్బు గట్టిది, పొటాషు క్షారముతో చేసినది మెత్తనిది, నీటిలో త్వరగా కరగును. ఈ రెండు క్షారములను, స్టియరిక్ ఆమ్లమును, కొంత కొబ్బరినూనెను తూకమెరిగి కలుపుటయే నేటికిని గడ్డపు సబ్బు రహస్యము. (షెవ్రోల్ నూరేండ్లు దాటి జీవించి 1889లో మరణించెను. ఆయుష్యమన్న మాట ఆయనపట్ల సార్థకమైనది.) అమెరికాలో విలియమ్స్ అను మందుల వర్తకుడు 1840లో గడ్డపు సబ్బును వ్యాపారముగా చేయసాగెను. జిల్లెట్ 1904లో పేటెంటు పొందిన మార్చుబిళ్ల కత్తిని 1918లో అమెరికా సైనికులకు పంచిపెట్టగా, యుద్ధమునుండి తిరిగివచ్చినవారు ఇంటికి ఆ అలవాటును కూడ తెచ్చుకొనిరి.

ఆ యుద్ధకాలమున జరిగిన ఘోరమొకటి చెప్పక తప్పదు. నురుగు రేపుటకు కుంచె కావలెను. మేలైన కుంచెలు బాడ్జరు అను జంతువు వెండ్రుకలతో చేయుదురు. యుద్ధము వలన ఆ సరుకు కరవైనప్పుడు గుఱ్ఱపు వెండ్రుకలతో కుంచెలు చేసి అమ్మిరి. సరిగా శుద్ధిచేయని ఆ వెండ్రుకలలో దొమ్మరోగపు బీజములుండెను. పశువులను చంపు ఆ దొమ్మయే, కత్తిగాటు గుండా మనుష్యుల ముఖమునకు మెడకు సోకి, కొందరు సైనికులును పౌరులును ప్రాణములు కోల్పోయిరి. 1920లో బ్రిటను ప్రభుత్వము జపాను దేశపు గడ్డపు కుంచెల దిగుమతిని నిషేధించెను. గుఱ్ఱపు వెండ్రుక స్వచ్ఛమైన ప్రకృతి వస్తువే గదా! సహజమైనదంతయు క్షేమమని నేడు చెప్పువారు ఎదురైనప్పుడెల్ల నాకీ కుంచెలు జ్ఞప్తికి వచ్చును.

మన దేశమున ఒంటి సబ్బులు చేయుట స్వదేశోద్యమపు నీడన పెరిగినది. కళ్లికోటలో 1914లోను, బెంగుళూరున మైసూరు సంస్థానమువారి ఆధ్వర్యమున ఆ పిమ్మటను సబ్బు కర్మాగారములు వెలసినవి. బొంబాయిలో అర్దేశిర్ గోద్రెజ్ 1918 ప్రాంతమున జంతువుల కొవ్వు చేరని సబ్బు చేసెను. మడి ఆచారములు పాటించు ఇండ్లలోనికి సబ్బు వచ్చుటకు ఇది తోడ్పడినదనుట న్యాయమే. లోకమున మొట్టమొదటి శాకనూనె సబ్బు అదియే యని వ్రాయువారు మాత్రము మార్సేయిని మరచినట్లున్నది.

1950 ప్రాంతమున డబ్బాలో వాయువుతో బిగించిన నురుగు వచ్చినది. మీట నొక్కిన చాలును. కుంచె లేదు, గిన్నె లేదు, నానబెట్టుట అసలే లేదు. అట్టి డబ్బా నురుగు కొన్నియేండ్లు వాడిన పిమ్మట నా మెడమీద ఎఱ్ఱని పొక్కులు లేచినవి. చేతితో చేసిన సబ్బులవైపు నా దృష్టి మరలుటకు అదియే హేతువు. గత కొన్ని సంవత్సరములుగా అనేక ద్రవ్యములను నా ముఖముమీదనే పరీక్షించితిని.

మొదట కుంకుడు. నురుగు పుష్కలముగా వచ్చినది. కాని అది గాలివంటిది. కత్తి చెంపమీదికి వచ్చునప్పటికి ఆరిపోయెడిది. కన్నుల మంట వేరు. తలకు రాణియైనది గడ్డమునకు పనికిరాలేదు. తరువాత గృహ్యసూత్రకారుని తలచుకొని వెన్న రాచితిని. కత్తి అద్భుతముగా జారినది. కాని వెండ్రుకలును వెన్నయు బిళ్ల సందులలో చేరి, కడుగుటకు పట్టిన కాలము గీయుటకు పట్టలేదు. మంగలికత్తి కాలమున ఈ చిక్కు లేదు, ఒక్క తుడుపుతో పోవును. పాతకాలపు విద్యకు పాతకాలపు పనిముట్టే తగును.

పిమ్మట చేతి సబ్బులు. కొబ్బరినూనెతో మాత్రమే చేసినది చర్మమును బిగదీసినది. కొబ్బరినూనెకు ఆముదము చేర్చినప్పుడు నురుగు కొంత నిలిచినది. కొంకణపు కోకం గింజల వెన్నలో స్టియరిక్ ఆమ్లము హెచ్చు. అది చేరిన బిళ్ల అన్నింటికంటె మిన్నగా నున్నది. ఇప్పనూనె కలిపినది దానికి రెండవది. కాని ఏ సబ్బును వండిన వెంటనే వాడరాదు, నాలుగు నుండి ఆరు వారములు ఆరనీయవలెను. క్షారము చేరని సహజమైన సబ్బని అమ్మువారు కలరు. క్షారము లేక సబ్బు పుట్టదు. తూకము సరిగానున్నచో క్షారమంతయు నూనెతో కలిసి సబ్బై పోవును, విడిగా మిగులదు. తూకము తప్పినచో ఆ బిళ్ల ముఖమును కాల్చును. చేతిపనిలో మేలును కీడును చేతిలోనే యున్నవి.

మరియొక సంగతి. మా యూరి బోరునీటిలో ఎంతటి సబ్బైనను నురుగక తెల్లని తెట్టె కట్టెడిది. ఉప్పునీటి బావులున్న గ్రామములవారికి ఇది తెలిసినదే. ఆ నీటిలోని సున్నపు లవణములు సబ్బును విరిచివేయును. పట్టియుంచిన వాననీటితో అదే బిళ్ల పాలమీగడవలె నురిగినది. వాననీరు లేనప్పుడు నీటిని మరగించి, తేర్చి వాడిన కొంత మేలు. ఖరీదైన సబ్బు కొని బోరునీటిలో ముంచుటకంటె, చౌక సబ్బును వాననీటిలో ముంచుట నయము.

ఇక గీసికొనిన పిమ్మట పూయునవి. జర్మనీలోని కొలోను నగరమున ఫరీనా అను ఇటలీవాని కుటుంబము 1709లో ఆరంభించిన పరిమళజలము, పశ్చిమ ఇండియా దీవులలో బే ఆకులను రమ్ము సారాయితో కలిపి బట్టీపట్టిన బే రమ్ము, వీనికి పెద్ద పేరు. సెయింట్ థామస్ దీవికి 1838లో వెళ్లిన రీసె అను డేనిషు మందులవాడు బే రమ్మును దేశదేశములకు పంపెను. వీని మంటకు కారణము మద్యసారము. అది సూక్ష్మజీవులను కొంత అణచును, చర్మమును ఎండబెట్టును కూడ. మంట కలిగినంత మాత్రమున మేలు కలిగినదనుట భ్రమ.

మనకు పటిక యున్నది. బురదనీటి కుండలో త్రిప్పిన పటిక మట్టిని దగ్గరకు చేర్చి అడుగునకు దింపునట్లే, చిన్న గాటుమీద రాచిన పటిక రక్తములోని మాంసకృత్తులను గడ్డకట్టించి ధారను ఆపును. లోతైన గాటుకు అది చాలదు. ఒకే పటికను పలువురి ముఖములకు రాచుట, వాడిన బిళ్లనే మరల వాడుట కాలేయమును చెరచు కామెర్ల రోగములను ఒకరినుండి మరొకరికి చేర్చగలవు. కనుక క్షురకుని యొద్దకు వెళ్లునప్పుడు కొత్త బిళ్ల వేయుమని అడుగుటకు మొగమోటపడనక్కరలేదు. మంచి పనివాడు దానికి నొచ్చుకొనడు. పటిక ఎవరిది వారు రుమాలులో కట్టుకొనిపోవచ్చును. నేను పటిక రాచి కడిగిన పిమ్మట రాత్రి వట్టివేరు నానవేసిన నీళ్లు చల్లుకొందును. ఆ నీరు ఒక్క దినమే నిలువయుండును, మరునాడు పారబోసి మరల నానవేయవలెను.